రెండోసారి గ్వాదెలూపు

ఒకసారి చూచి వచ్చిన చోటికే మళ్ళీ డబ్బు ఖర్చు పెట్టుకొని వెళ్ళేవారంటే మనవాళ్ళకు కొంచెం నవ్వు. తిరుపతికైతే ఏటేటా వెళ్ళినా ఎవరూ ఏమీ అనరు. కాశీకి రెండుసార్లు వెళ్ళివస్తే పుణ్యాత్ములంటారు. సముద్రం మధ్యనున్న ఒక దీవికి రెండోసారి ప్రయాణమవుతున్నామని తెలిసేసరికి యానాంలో మా వీధివాళ్ళంతా "అక్కడేమైనా మరచిపోయి వచ్చారా ఏమిటి?" అని పలకరించడం మొదలుపెట్టారు. మేమిద్దరం నవ్వి ఊరుకొన్నాము. కారణం చెప్పాలంటే ఇంటి సంగతులు బయట పెట్టవలసి వస్తుంది. ఇప్పుడు ఆ సంగతులు చెప్పడానికి అభ్యంతరమేమీ లేదు గనుక వ్రాస్తున్నాము.

గ్వాదెలూపు ఎక్కడున్నదో ముందు చెప్పాలి. అమెరికా ఖండాల నడుమ కరీబియన్ సముద్రానికి తూర్పు అంచున దండలాగా దీవుల వరుస ఒకటి ఉన్నది. అందులో ఇది ఒకటి. పటంలో చూస్తే రెక్కలు విప్పిన సీతాకోకచిలుక. ఎడమ రెక్క పేరు బాస్‌టేర్. అదంతా కొండలు, అడవి, వాటి నడుమ 1,467 మీటర్ల ఎత్తున సూఫ్రియేర్ అనే అగ్నిపర్వతం. కుడి రెక్క గ్రాంద్‌టేర్. అది చదునైన నేల, కనుచూపు మేర చెరకు. రెండు రెక్కలకూ మధ్య సన్నటి సముద్రపు పాయ. దాన్ని ఫ్రెంచిలో రివియేర్ సాలే అంటారు. అర్థం చెప్పుకొంటే అచ్చంగా మన ఉప్పుటేరే. 1946 నుంచి ఈ దీవి ఫ్రాన్సు దేశంలో ఒక జిల్లా. అందుచేత అక్కడ చెల్లేది యూరో, కచేరీలో మాట ఫ్రెంచి, వీధిలో మాట క్రియోలు.

మొదటిసారి వెళ్ళింది 2016 డిసెంబరులో. మా బావమరిది ఫ్రెంచి పౌరుడు. వాళ్ళ తాతగారు 1962లో యానాం భారతదేశంలో చట్టప్రకారం కలిసినప్పుడు ఫ్రెంచి పౌరసత్వమే కోరుకొన్నారు. ఆ కాగితం పుణ్యాన అతడు ఫ్రెంచి సైన్యంలో చేరాడు. తిరిగి తిరిగి గ్వాదెలూపులో ఉద్యోగం పడ్డది. "అక్కయ్యా, మీరిద్దరూ ఒకసారి వచ్చి పొండి, టిక్కెట్లు నేను కొంటాను" అని వ్రాశాడు. ఉచితంగా వచ్చిన ప్రయాణం గనుక మేము ఆలోచించలేదు.

ఆ మూడు వారాలూ పరదేశులందరూ తిరిగినట్టే మేమూ తిరిగాము. తూర్పు కొసన పొయింట్ దే షాతో అని ఒక రాతి మొన ఉన్నది. ఒకవైపు అట్లాంటిక్ మహాసముద్రం కొండలంత అలలతో వచ్చి కొడుతూ ఉంటే, రెండో వైపు నీళ్ళు చెరువులా పడుకొని ఉంటాయి. కాపెస్తేర్ ఊరి పైనున్న కార్బే జలపాతాలలో రెండోది 110 మీటర్ల ఎత్తునుంచి పడుతుంది. చెరకు రసం నుంచి నేరుగా రమ్ము దించే బట్టీలు చూశాము. చూడడం వరకే. మా ఆవిడ పక్కనే ఉన్నది.

పొయింటాపిత్ర్ పట్నంలో సంత్ ఆంత్వాన్ బజారు దగ్గర మాకు మొదటి ఆశ్చర్యం కలిగింది. దాసించెక్క, పసుపు, మిరియాలు కుప్పలుగా పోసుకొని కూర్చున్న ఆడవాళ్ళ తలలకు గళ్ళ గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళు. దాన్ని ఏమంటారని అడిగితే "మద్రాస్" అన్నారు. అక్కడ మదరాసు అంటే ఊరు కాదు, గుడ్డ. పూర్వం మదరాసు రేవునుంచి ఓడల్లో వెళ్ళిన గళ్ళ రుమాళ్ళ పేరు అట్లాగే నిలిచిపోయింది. మన చీరాల మగ్గాల మీద ఆ 'మదరాసు రుమాళ్ళు' నేసి విదేశాలకు పంపిన సాలెవాళ్ళ సంగతి కొందరు చదువరులకు గుర్తుండవచ్చు. ఆ గుడ్డ తలకు చుట్టి పైకి వదిలిన కొనలను బట్టి ఆ మనిషి సంగతి తెలుస్తుందట. ఒక కొన ఉంటే మనసు ఖాళీగా ఉన్నట్టు, రెండుంటే ఎవరికో మాట ఇచ్చినట్టు, మూడుంటే పెళ్ళయినట్టు. నాలుగు కొనలుంటే, పెళ్ళయినా ఇంకొకరికి చోటున్నట్టు! మా ఆవిడ అక్కడ కూర్చున్న వాళ్ళందరి తలలూ లెక్కపెట్టి వచ్చింది.

రెండో ఆశ్చర్యం గోంగూర. క్రిస్మసు రోజుల్లో అక్కడ ఇంటింటా ఎర్రటి పానకం ఒకటి ఇస్తారు. గ్రొజేయ్ పేయి అంటారు. పుల్లగా, కమ్మగా ఉన్నది. దేనితో చేశారని అడిగితే ఎండబెట్టిన ఎర్ర కాయల తొడిమలు చూపించారు. మా ఆవిడ వాసన చూసి "ఏమండీ, ఇది గోంగూర కాయ కాదూ!" అన్నది. మర్నాడు బావమరిదిని వెంటబెట్టుకొని వెళ్ళి చెట్టు చూచి వచ్చింది. ఎర్ర గోంగూరే. వాళ్ళు కాయ తీసుకొని ఆకు పారవేస్తారు! రెండు సంచుల ఆకు తెచ్చి పచ్చడి నూరింది. సైన్యపు బసలో ఆ పచ్చడి తిన్న ఫ్రెంచి సిపాయి ఒకడు రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, మళ్ళీ అన్నం పెట్టించుకొన్నాడు.

ఇవన్నీ చూచి, ఫొటోలు తీసుకొని, ఇంటికి వచ్చి నలుగురికీ చెప్పుకొన్నాము. అంతటితో గ్వాదెలూపు అయిపోయిందనే అనుకొన్నాము.

2019లో మా బావమరిది పెళ్ళి చేసుకొన్నాడు. పిల్లది ఆ దీవిదే, కాపెస్తేర్ ఊరు. పూర్వులు మన దేశంనుంచి వెళ్ళినవారే గాని నూట యాభై ఏళ్ళ కింద వెళ్ళినవారు. పిల్లకు తెలుగు రాదు, అరవం రాదు. ఏ ఊరివాళ్ళో, ఏమి మనుషులో చెప్పగలిగినవాళ్ళు లేరు. మా అత్తగారు ఉత్తరం విని, "వాళ్ళు మనవాళ్ళా?" అని ఒక్క మాట అడిగి లోపలికి వెళ్ళిపోయారు. ఆ మాట అంటే ఏమిటో మన ఇళ్ళలో ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. పెళ్ళికి ఇక్కడినుంచి ఎవరమూ వెళ్ళలేదు.

ఆపైన 2021 మే నెల వచ్చింది. కోవిడు రెండో విడతలో మా మామగారు పోయారు. విమానాలు లేవు, ఉన్నవాటికి అనుమతులు లేవు. ఉన్న ఒక్క కొడుకూ రాలేకపోయాడు. పినతండ్రి కొడుకు ఒకరు కర్మ చేశారు. మా అత్తగారు ఆనాటినుంచి కొడుకుతో ఫోనులో కూడా మాట్లాడడం మానివేశారు. అతడు పిలిచినప్పుడల్లా ఫోను మా ఆవిడకు ఇచ్చేవారు. అతడు సైన్యంనుంచి విరమించుకొని కాపెస్తేర్‌లోనే స్థిరపడ్డాడు. "అక్కయ్యా, అమ్మ రాదు సరే, నువ్వయినా వచ్చి ఈ ఇల్లు ఒకసారి చూసి పో" అని 2024 వేసవిలో అడిగాడు. మేము రెండోసారి బయలుదేరడానికి కారణం ఇది. ఈసారి టిక్కెట్లు మా సొంత డబ్బుతో కొన్నాము. పిల్ల తరఫువారింటికి మొదటిసారి వెళ్ళేటప్పుడు వాళ్ళ డబ్బుతో వెళ్ళడం మర్యాద కాదని మా ఆవిడ అన్నది. గుమాస్తా జీతంలో అది చిన్న మాట కాదు గాని ఆ మాట కాదనడానికి లేదు.

వెళ్ళదలచిన వారికి ఒక సూచన. పారిసుకు ఇచ్చే షెంగెన్ వీసా గ్వాదెలూపులో చెల్లదు. ఆ దీవికి చెల్లుతుందని విడిగా వ్రాయించుకోవాలి. మన విమానం దిగేది ఒక విమానాశ్రయంలో, దీవికి ఎక్కేది చాలావరకు ఓర్లీ అనే మరొక విమానాశ్రయంలో. నడుమ పారిసు నగరమంతా ఉన్నది. ఆవకాయ జాడీతో సహా ఆ ఊరు దాటడం ఒక ప్రయాణం. ఓర్లీనుంచి ఎనిమిది గంటల పైచిలుకు సముద్రమే.

అక్టోబరు 24న దిగాము. మర్నాడు దీవి మొత్తానికి కరెంటు పోయింది. విద్యుత్ కార్మికుల సమ్మె ముదిరి యంత్రాలు ఆగిపోయాయి. రాత్రి ఎవరూ బయట తిరగరాదని ఉత్తరువు వేశారు. నవంబరు 1వ తేదీ అక్కడ చనిపోయినవారి పండుగ. సమాధుల మీద వెలిగించడానికి ఇంటింటా కొవ్వొత్తులు కొని పెట్టుకొంటారు. ఆ కొవ్వొత్తులను మేము వారం ముందే వెలిగించవలసి వచ్చింది. కొత్త మరదలు సిగ్గుపడుతూ ఏవేవో సంజాయిషీలు చెప్పబోయింది. మా ఆవిడ "మా ఊళ్ళో కరెంటు పోకపోతేనే వింత" అని తెలుగులో అనేసింది. బావమరిది తర్జుమా చేశాడు. ఆ పిల్ల నవ్వింది. ఆ చీకట్లోనే వాళ్ళిద్దరికీ చనువు ఏర్పడింది.

మొదటిసారి సైన్యపు బసలో ఉన్నప్పుడు తెలియనివి ఈసారి ఇంట్లో ఉంటే తెలిసివచ్చాయి. కొండమీదనుంచి అన్ని ఏళ్ళు పారే బాస్‌టేర్‌లో కూడా కుళాయి నీళ్ళు వంతుల ప్రకారం వస్తాయి. పాత గొట్టాలు కారిపోయి సగం నీళ్ళు నేలపాలవుతాయట. వాకిట్లో పీపాలు పెట్టుకొని ఉంటారు. పెరటి నేల చూస్తే బంగారంలా ఉన్నది, కంద వేస్తే మనిషెత్తు పెరుగుతుంది. కాని మరదలి మామ్మగారు అందులో దుంప కూరలు వేయనివ్వరు. అరటి దుంపను తొలిచే పురుగు కోసమని 1972నుంచి 1993 వరకు అక్కడి తోటల్లో క్లోర్‌దెకోన్ అనే మందు చల్లారు. అది మట్టిలోనుంచి పోదు. దుంపల్లోకి, కోడిగుడ్లలోకి, ఏటి రొయ్యల్లోకి ఎక్కుతుంది. ఆ దీవిలో పెద్దవాళ్ళను పరీక్ష చేస్తే నూటికి తొంభైమందికి పైగా రక్తంలో ఆ మందు కనిపించింది. మామ్మగారు ముప్ఫై ఏళ్ళు ఆ తోటల్లోనే అరటి గెలలు మోశారు. దక్షిణ కన్నడం వైపు జీడిమామిడి తోటల ఎండోసల్ఫాన్ సంగతి తెలిసిన మన కర్ణాటక సోదరులకు ఇంతకన్న చెప్పనక్కరలేదు.

మామ్మగారికి ఎనభై నాలుగేళ్ళు. నల్లగా, సన్నగా, వంగకుండా ఉంటారు. మమ్మల్ని చూడగానే రెండు చేతులూ జోడించారు. ఆ నమస్కారం ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. వాళ్ళ అమ్మ అట్లా పెట్టేదట. ఆమె మాట్లాడేది క్రియోలు, మాది యానాం కాన్వెంటు ఫ్రెంచి. మొదటి రెండు రోజులూ నడుమ మరదలు లేనిదే సాగలేదు. తరువాత ఆమె వంటింట్లో మా ఆవిడకు మాటలతో పని పడలేదు. వాళ్ళు కొలొంబో అనే కూర ఒకటి వండుతారు. అరవం వాళ్ళ కుళంబు మాటే అట్లా తిరిగింది. ధనియాలు, జీలకర్ర, ఆవాలు, మెంతులు, పసుపు, దోరగా వేయించిన బియ్యం కలిపి దంచిన పొడి వేస్తారు. మేకమాంసంలోనూ వేస్తారు, బెంగుళూరు వంకాయలోనూ వేస్తారు. ఆ దీవిలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు అందరికీ ఇప్పుడది ఇంటి వంటే. గారెను వదె అంటారు. వేపచెట్టును వేపెలె అంటారు. మారియమ్మను మాలియెమెన్ అంటారు. పెద్ద రోడ్డు పక్కన షాంజీ అనే చోట ఆ తల్లికి రంగురంగుల గోపురంతో పెద్ద గుడి ఉన్నది. మామ్మగారు అక్కడికి మమ్మల్ని తీసుకొనిపోయి, గుళ్ళో నిలబడి కళ్ళు మూసుకొని ఒక పాట పాడారు. అరవమే. పుదుచ్చేరి కచేరీలో మూడేళ్ళు పనిచేయడం వల్ల వీధి అరవం మాకు తెలుసు. అయినా మాటలు అరిగిపోయిన కాసుల్లాగా ఉన్నాయి, అచ్చు తెలియడం లేదు. పాట అయిన తరువాత ఆమె మావైపు తిరిగి, దీనికి అర్థం ఏమిటి అని అడిగారు. డెబ్బై ఏళ్ళుగా పాడుతున్న మనిషి అడుగుతున్నది! తెలిసిన మూడు మాటలూ చెప్పాము: తాయే అంటే తల్లీ, వా అంటే రా, పాల్ అంటే పాలు. ఆమె ఆ మూడింటినీ ఫ్రెంచిలో రెండుసార్లు అనుకొని తల ఊపారు. ఇంకేమీ అడగలేదు.

ఈ జనం అక్కడికి ఎట్లా చేరారో కొంచెం చెప్పాలి. ఫ్రెంచివారు తమ దీవుల్లో బానిసత్వాన్ని 1848లో రద్దు చేశారు. స్వేచ్ఛ వచ్చిన నల్లవాళ్ళలో చాలామంది ఆ చెరకు తోటల్లో మళ్ళీ అడుగు పెట్టడానికి ఇష్టపడలేదు. కూలీల కోసం దొరలు మన దేశంవైపు చూశారు. ఇది మనకు కొత్త కాదు. అంతకు ముందే, 1828లోనే, మా యానాంనుంచి పదిహేనుమంది తెలుగు కూలీలను బూర్బోన్ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్‌కు, తీసుకొనిపోయారు. గ్వాదెలూపుకు మొదటి ఓడ ఒరేలీ 1854 డిసెంబరులో చేరింది. అప్పటినుంచి 1889 వరకు 42 వేలమందికి పైగా వెళ్ళారు. ఎక్కువమంది పుదుచ్చేరి, కారైకాలు రేవుల్లో ఎక్కినవారు; కలకత్తానుంచి కొందరు. మూడు నెలల ఓడ ప్రయాణం. అయిదేళ్ళ ఒడంబడిక అయిన తరువాత తిరుగు ఓడ ఎక్కిస్తామని కాగితం. తిరిగి వచ్చినవారు నాలుగో వంతు కూడా లేరు. చాలామంది తోటల్లోనే చచ్చిపోయారు. మిగిలినవాళ్ళ పిల్లలు అక్కడే పుట్టినా వాళ్ళకు ఓటు లేదు, వాళ్ళు ఫ్రెంచివాళ్ళు కారు. కాపెస్తేర్‌లోనే 1863లో పుట్టిన ఆన్రీ సిదంబరం అనే పెద్దమనిషి 1904లో దీనిమీద వ్యాజ్యం మొదలుపెట్టి, 1923లో ఆ హక్కు వచ్చేవరకు పోరాడాడు. సిదంబరం అంటే మన చిదంబరమే. ఫ్రెంచి గుమాస్తా చెవికి ఎట్లా వినబడితే పేరు అట్లా పడింది. రామస్సామి, అప్పస్సామి, గోవిందెన్, వెంగడాసలోం. తండ్రి పేర్లు ఇంటిపేర్లయిపోయాయి.

ఆ గుమాస్తాను మేము మరీ తప్పుపట్టలేము. మా కచేరీలోనూ ఫ్రెంచి కాలపు జననమరణాల రిజిస్టర్లు ఉన్నాయి. నకళ్ళు వ్రాసేది మేమే. మన ఇంటిపేర్లను ఫ్రెంచి అక్షరాల్లోకి తిప్పితే ఏమవుతాయో రోజూ చూస్తూనే ఉంటాము.

అందుకే కాబోలు మామ్మగారు ఒకరోజు బీరువాలోనుంచి ఒక కవరు తీసి మా చేతికి ఇచ్చారు. వాళ్ళ తాతగారి తండ్రి కారైకాలులో ఓడ ఎక్కినప్పుడు వ్రాసిన కాగితం నకలు. మనుమరాలు పెళ్ళికి ముందు కచేరీల చుట్టూ తిరిగి సంపాదించిందట. పాత చేవ్రాత మరదలికి సరిగా తెలియలేదు, మాకు అలవాటే. పేరు, తండ్రి పేరు, వయస్సు ఇరవై రెండు, ఎత్తు, ఊరు, కులం. ఊరి గడిలో ఉన్నది ఎన్నిసార్లు చదివినా ఏ ఊరో పోల్చుకోలేకపోయాము. పాలకొల్లు అయినా కావచ్చు, పట్టుకోట అయినా కావచ్చు. కులం గడిలో మాత్రం స్పష్టంగా వ్రాసి ఉన్నది.

మా ఆవిడ "ఏమని ఉన్నదండీ?" అని అడిగింది. చదివి చెప్పాము. ఆమె ఆ కాగితాన్ని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి కవరులో పెట్టి మామ్మగారికి ఇచ్చింది. రాత్రి పడుకోబోయే ముందు, "అమ్మ అడిగితే ఆ గడి చిరిగిపోయిందని చెబుతాను" అన్నది. రేవులో మేస్త్రీ చెప్పింది వ్రాశాడో, ఆ కుర్రవాడు చెప్పింది వ్రాశాడో ఎవరికి తెలుసు? పేరు మార్చుకొని, కులం మార్చుకొని ఓడ ఎక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు. నిజమే వ్రాశాడనుకొన్నా, ఆ గడిలో ఏమున్నదో మేము ఈ పత్రికలో వ్రాయము. తెలుసుకోవాలని ఉన్నవారికి అది ఎందుకు కావాలో వారే చెప్పాలి.

నవంబరు 1వ తేదీ సాయంకాలం శ్మశానానికి వెళ్ళాము. వారం రోజులుగా సమాధులు కడిగి సున్నాలు వేస్తున్నారు. చీకటి పడేసరికి కొండవాలంతా దీపాలు. నల్లవాళ్ళు, ఇండియావాళ్ళు, అందరి సమాధులూ పక్కపక్కనే. పిల్లలు మైనం ముద్దలు చేసి ఆడుకొంటున్నారు, పెద్దవాళ్ళు కుర్చీలు తెచ్చుకొని కూర్చొని కబుర్లు చెప్పుకొంటున్నారు. ఏడ్చేవాళ్ళెవరూ కనిపించలేదు. మొదటిసారి వచ్చినప్పుడు మోర్నాలో ఊళ్ళో నలుపు తెలుపు పలకల సమాధులు చూచి, చదరంగం బల్లల్లా ఉన్నాయని ఫొటో తీసుకొన్నాము. ఈసారి ఫొటోల మాట గుర్తుకు రాలేదు.

మర్నాడు ఇంట్లో సాంబ్లానీ. మన సాంబ్రాణి మాటే. చనిపోయిన పెద్దలకు పెట్టుకోవడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. మన గోదావరి ఇళ్ళలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టి, వాళ్ళకిష్టమైనవి వండి పెట్టడం లేదూ, సరిగ్గా అదే. తెల్లవారుజామునుంచి వంట. కోడి కొలొంబో, మేక కొలొంబో, ఎండుచేప, గుమ్మడికాయ, వదెలు, అన్నం. ఒక గది కడిగి, గోడ పక్కన ఫొటోలు పెట్టి, ఒక్కొక్కరికి ఒక అరిటాకు వేశారు. తాగేవారికి ఒక గ్లాసు రమ్ము, పొగతాగేవారికి సిగరెట్టు. అన్నీ పెట్టి సాంబ్రాణి వేసి, అందరూ బయటికి వచ్చి తలుపు మూయాలి. వాళ్ళు వచ్చి తిని వెళ్ళిన తరువాత ఇంటివాళ్ళు తినాలి.

మామ్మగారు ఆకులు లెక్కపెట్టారు. ఏడు. ఎనిమిదో ఆకు ఒకటి చేతిలో పట్టుకొని మా ఆవిడ దగ్గరకు వచ్చి, "మీ నాన్నగారి పేరేమిటి?" అని అడిగారు.

మా ఆవిడకు మాట రాలేదు. మా బావమరిది చెప్పాడు. ఆమె ఆ పేరును మూడుసార్లు అడిగి, నోటికి వచ్చేదాకా పలికి, ఎనిమిదో ఆకు తమ భర్త ఆకు పక్కన వేశారు. "ఆయనకు ఏమిష్టం?" అని అడిగారు. అప్పుడు మా ఆవిడ గొంతు సవరించుకొని, పులుసు ఇష్టమని, గారెలు ఇష్టమని, అన్నిటికన్న చుట్ట ఇష్టమని చెప్పింది. చుట్ట అంటే ఏమిటో చెప్పేసరికి కొంత ఆలస్యమయింది. మరదలు కారు వేసుకొని బజారుకు వెళ్ళి, ఎక్కడిదో సీమ చుట్ట ఒకటి, బంగారపు కాగితం చుట్టినది, తెచ్చింది. ఆ కాగితం తీసి ఆకు పక్కన పెట్టారు. మామ్మగారు మా బావమరిదిని ముందుకు పిలిచి, అతని చేత అన్నం వడ్డింపించి, సాంబ్రాణి వేయించారు. తండ్రి పోయిన మూడున్నరేళ్ళకు అతడు చేసిన మొదటి పని అది. మంత్రం లేదు, పురోహితుడు లేడు. మామ్మగారు అరిగిపోయిన ఆ అరవపు మాటలే చదివారు. తలుపు మూసి అందరమూ వసారాలో కూర్చున్నాము. లోపలనుంచి ఏ చప్పుడు వస్తుందోనన్నట్టు మా బావమరిది తలుపు కేసి చూస్తూ ఉండిపోయాడు. పాతిక నిమిషాలో, అరగంటో. ఎవరూ గడియారం చూడలేదు.

తిరిగి వచ్చిన మర్నాడు మా అత్తగారి దగ్గరకు వెళ్ళాము. ఆమె దీవిని గురించి ఏమీ అడగలేదు. కోడలు ఎట్లా ఉన్నదని అడగలేదు. ఆ కాగితం సంగతి ఆమెకు తెలియదు గనుక మా ఆవిడ అబద్ధం చెప్పవలసిన అవసరం రాలేదు. సాంబ్లానీ సంగతి మాత్రం మొదటినుంచి చివరిదాకా చెప్పింది. మా అత్తగారు బియ్యం ఏరుతూ విన్నారు. ఎనిమిదో ఆకు అనేసరికి చెయ్యి ఆగింది.

"వండింది ఎవరు?"

"ఆ మామ్మగారే. మడి కట్టుకొన్నట్టే, స్నానం చేసి, ఎవరినీ తాకనివ్వకుండా వండింది."

"వాడు వడ్డించాడా?"

"వాడే వడ్డించాడమ్మా."

కాసేపు ఏమీ అనలేదు. తరువాత "చుట్ట అన్నావు, ఏ చుట్ట?" అని అడిగారు.

ఏదో సీమ చుట్ట అని, బంగారపు కాగితం ఉన్నదని మా ఆవిడ చెప్పింది. మా అత్తగారు చాటను పక్కకు పెట్టారు. "ఆయన ఏనాడైనా లంక పొగాకు తప్ప ముట్టారటే? అదెట్లా తాగుతారనుకొన్నారు?" అని కోప్పడ్డారు. లేచి లోపలికి వెళ్ళి, గూట్లో ఏదో వెదికి, చివరకు పక్కింటి కుర్రవాణ్ణి పిలిచి డబ్బులిచ్చి బజారుకు పంపారు.

లంక చుట్టల కట్ట ఒకటి ఇప్పుడు మా ఇంట్లో ఇనుప పెట్టెలో ఉన్నది. పురుగు పట్టకుండా వేపాకు వేసి, మూడు మడతల కాగితంలో చుట్టి ఆమే ఇచ్చారు. విమానంలో పోనిస్తారో లేదో కనుక్కొమ్మని వారానికొకసారి అడుగుతున్నారు.